యుద్ధం దాటి వచ్చినవారి కథను ఎలా వినాలి

చెప్పుకుంటే బాధ సగం తగ్గుతుందని మనందరం అనేస్తుంటాం. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడినవారి దగ్గర ఈ మాట అంత తేలిగ్గా అనకూడదు. తమ కథ చెప్పుకుని నిలదొక్కుకున్నవారు ఉన్నారు, చెప్పించడం వల్ల మరింత కుంగిపోయినవారూ ఉన్నారు. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది ఎవరు నిర్ణయించారో చూస్తే ఆ తేడా ఎక్కడ వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది.

శరణార్థుల మధ్య పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు, వారి పిల్లలకు చదువు చెప్పే టీచర్లు, యుద్ధం చూసిన తల్లితోనో తాతతోనో ఒకే ఇంట్లో ఉంటున్నవారు, ఇలా వైద్యులు కానివారి కోసం ఇది రాస్తున్నాను. యుద్ధాలు, హింస, పీడన వల్ల ఇల్లు విడిచినవారు 2024 చివరికి ప్రపంచమంతటా సుమారు 12.3 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. ఇంతమందికి సరిపడా మానసిక వైద్యులు ఎక్కడా లేరు. వినే పని ఎక్కువగా మనలాంటివారి మీదే పడుతుంది.

ముందు తెలుసుకోవలసినవి రెండు

మొదటిది, అందరూ రోగులు కారు. యుద్ధం జరిగిన ప్రాంతాల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా కట్టింది. అది పెద్ద సంఖ్యే. కానీ మిగతా నలుగురు దుఃఖంతోనే అయినా సొంత బలంతో, అయినవారి అండతో లేచి నిలబడుతున్నారు. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి గాయం ఉండి తీరాలని ముందే తేల్చుకుని వెళ్లకండి.

రెండోది, భయం జ్ఞాపకాన్ని ఏం చేస్తుందన్నది. ప్రాణం పోతుందన్న క్షణంలో చూసిన రంగు, విన్న చప్పుడు, ముక్కుకు తగిలిన వాసన బలంగా నాటుకుపోతాయి. అది ఏ రోజు, ఏ చోటు, దేని తర్వాత ఏది జరిగింది అన్న వరుస మాత్రం తరచూ చెదిరిపోతుంది. అందుకే ఎక్కడో టపాకాయ పేలితే పదేళ్ల కిందటి ఫిరంగి దాడి ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు వణుకుతుంది. జర్మనీలోని కాన్‌స్టాన్జ్ విశ్వవిద్యాలయంలో మాగీ షావర్, ఫ్రాంక్ నోయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన చికిత్సకు ఇదే పునాది. దాని పేరు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. అనుభూతులతో మండే జ్ఞాపకాన్ని వారు వేడి జ్ఞాపకం అంటారు, కాలం, చోటు తెలిసిన జ్ఞాపకాన్ని చల్లని జ్ఞాపకం అంటారు. కథ చెప్పించడంలో వారి ఉద్దేశం ఈ రెండింటినీ మళ్లీ కలపడం. జరిగింది అప్పుడు, అక్కడ అని, ఇప్పుడు, ఇక్కడ కాదని శరీరానికి కూడా తెలియాలి.

ఇది తెలియక ఒకప్పుడు పొరపాటు జరిగింది. 1980ల నుంచి చాలా దేశాల్లో, ఘోరం జరిగిన రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి నడిచింది. బాధ అంటే లోపల నిండిన నీరు, తూము తెరిస్తే పోతుంది అన్నట్టుగా సాగింది ఆ వ్యవహారం. వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2002లో తెచ్చిన సమీక్షలో ఆ అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే దానివల్ల మేలు కనిపించలేదు, కొందరికి కీడు జరిగిన ఆనవాళ్లు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటోంది.

మొదటి అడుగు: అడగకండి

వింతగా ఉన్నా ఇదే మొదటి అడుగు. ఆ మనిషికి తలదాచుకునే చోటు ఉందా, కాగితాలు ఉన్నాయా, తప్పిపోయిన బిడ్డ జాడ తెలిసిందా, రాత్రి నిద్ర పడుతోందా, ఇవి ముందు చూడండి. అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు. మొదట భద్రత, ఆ తర్వాతే గుర్తుచేసుకుని దుఃఖించడం, చివరకు మళ్లీ మనుషుల్లో కలవడం. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదాని మీద నిలబెట్టబోతే మనిషి పడిపోతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మీద తెచ్చిన చిన్న పుస్తకం కూడా ఇదే దారిలో వెళుతుంది. చుట్టూ చూడాలి, వినాలి, కావలసిన సాయంతో కలపాలి. జరిగింది చెప్పమని ఒత్తిడి పెట్టకూడదు. వాళ్లంతట వాళ్లు నోరు విప్పితే వినండి, విప్పకపోతే అన్నం, మందు, ఫోను ఛార్జర్ సంగతి మాట్లాడండి. ఆ మాటలు కూడా నమ్మకాన్ని పెంచుతాయి.

ఇంకా దాడులు జరుగుతున్న చోట ఉన్నవారితో, చనిపోవాలని ఉందని అంటున్నవారితో, తాగుడులో మునిగినవారితో, లేని మాటలు వినిపిస్తున్నవారితో పాత సంగతులు తవ్వే పని మీరు పెట్టుకోకండి. వారిని వైద్యుల దగ్గరకు చేర్చండి.

రెండో అడుగు: ఆ కథ దేనికోసమో తేల్చుకోండి

తన మనసు కుదుటపడటానికి చెప్పే కథ వేరు, మనవడికి చెప్పే కథ వేరు, కోర్టుకో శరణు కోరే దరఖాస్తుకో ఇచ్చే వాంగ్మూలం వేరు, ప్రపంచానికి వినిపించే కథ వేరు. ఒకటి అనుకుని మొదలుపెట్టి మరొకటిగా మార్చడం వల్లే ఎక్కువ అన్యాయాలు జరుగుతాయి. కాబట్టి రికార్డరు బయటకు తీయకముందే అడగండి: ఇది ఎవరు వినాలని మీ కోరిక? ఎవరు వినకూడదు?

శరణు దరఖాస్తు నడుస్తున్నవారి విషయంలో మరీ జాగ్రత్త. మీ దగ్గర ఒక తేదీ, అధికారి దగ్గర మరో తేదీ చెబితే, ఆ చిన్న తేడానే పట్టుకుని అబద్ధమని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. ముందు వారి న్యాయవాదితో మాట్లాడండి. రికార్డింగు అవసరం లేకపోతే చేయనే వద్దు.

నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం అన్నింటికన్నా పెద్ద తప్పు. ఉత్తర ఐర్లాండ్ సాయుధ పోరులో పాల్గొన్నవారితో అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున 2001 నుంచి 2006 వరకు ఇంటర్వ్యూలు జరిగాయి. మీరు బతికుండగా ఇవి బయటకు రావు అని వారికి హామీ ఇచ్చారు. 2011లో పోలీసులు అమెరికా కోర్టుల ద్వారా ఆ టేపులు కోరారు, 2013లో కొన్ని వారి చేతికి వెళ్లాయి. గుప్తంగా ఉంచుతాను అని మీరూ అనబోతారు. అనకండి. చట్టం అడిగితే ఇవ్వవలసి రావచ్చు, అది నా చేతిలో లేదు అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఒకే మనిషి చేత ఒకే కథ పదేపదే చెప్పించడం మరో దురలవాటు. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్‌పై ఇస్లామిక్ స్టేట్ దాడి తర్వాత తప్పించుకుని వచ్చిన యజీదీ అనే మైనారిటీ మతవర్గపు మహిళల ముందు విలేకరులు, సంస్థలు, దర్యాప్తు అధికారులు వరుస కట్టారు. ఆ అనుభవం నేర్పిన పాఠాలతోనే, వారిలో ఒకరైన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత నాదియా మురాద్ పేరు మీద 2022లో మురాద్ కోడ్ అనే నియమావళి వచ్చింది. లైంగిక హింసకు గురైనవారి నుంచి వివరాలు సేకరించేవారు పాటించవలసిన కనీస మర్యాదలు అందులో ఉన్నాయి. వివరం ఇదివరకే ఎక్కడైనా నమోదై ఉంటే మళ్లీ అడగవలసిన అవసరమేమిటని ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

మూడో అడుగు: చోటు, సమయం, దుబాసి

వారు తలుపు కనబడేలా కూర్చోవాలి. ఒంటి మీద పడే గట్టి వెలుతురు, బల్లకు అవతల నోటు పుస్తకంతో మీరు, ఇవన్నీ విచారణ గదిని గుర్తు చేస్తాయి. బల్ల తీసేయండి. గంటన్నర చాలు. చివరి పావుగంట ఈ రోజు గురించి, రేపటి పనుల గురించి మాట్లాడుకుని లేవండి.

మీ ఇద్దరికీ ఒకే భాష రాకపోతే దుబాసి కావాలి. ఇంట్లో కొత్త భాష ముందుగా పట్టుబడేది పిల్లలకే కాబట్టి పదేళ్ల కూతురిని పక్కన కూర్చోబెట్టడం చాలాచోట్ల చూస్తాం. వద్దు. తల్లి ఆ బిడ్డ ముందు నిజం చెప్పదు, చెబితే బిడ్డ జీవితాంతం మోస్తుంది. దుబాసి ఏ వర్గానికి చెందినవారో, యాస ఏ ప్రాంతానిదో కూడా ముందే కనుక్కోండి. ఊరిని కాల్చినవారి యాసలో తన కథ తిరిగి వినబడితే ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది.

నాలుగో అడుగు: తాడు పరచండి

నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీలో నాకు బాగా నచ్చినది ఇది. నేల మీద ఒక తాడు పరుస్తారు. ఒక చివర పుట్టుక, మరో చివర చుట్టగా మిగిలిన తాడు, అంటే ఇంకా రావలసిన జీవితం. సంతోషం ఇచ్చిన సంఘటన దగ్గర పువ్వు పెడతారు, భయం, బాధ కలిగించిన చోట రాయి. ఒక్కొక్క దానికి పేరు మాత్రమే పెట్టుకుంటూ వెళతారు: చెల్లి పుట్టింది, బడిలో మొదటి బహుమతి, వంతెన దగ్గర ఆ రోజు. వివరాల్లోకి ఇంకా దిగరు.

దీని గొప్పతనం ఏమిటంటే, కథ యుద్ధంతో మొదలు కాదు. మనం మాత్రం ఎప్పుడూ అక్కడి నుంచే అడుగుతాం. సైనికులు ఎప్పుడు వచ్చారు, ఎలా పారిపోయారు అని. అలా అడిగీ అడిగీ ఒక మనిషి మొత్తాన్ని ఆ ఒక్క రోజుకు కుదించేస్తాం. తాడు ముందు కూర్చున్న మనిషికి తాను ఒకప్పుడు ఈత నేర్చుకున్నవాడినని, ఫలానావారితో ప్రేమలో పడినవాడినని, దర్జీ పనిలో పేరు తెచ్చుకున్నవాడినని కూడా కంటికి కనిపిస్తుంది. రాళ్లు చాలానే ఉండవచ్చు. వాటికి ముందూ వెనకా తాడు ఉంటుంది.

ఆ తర్వాతి విడతల్లో పుట్టుక నుంచి వరుసగా కథ సాగుతుంది. రాయి దగ్గరకు వచ్చినప్పుడు శిక్షణ పొందినవారు వేగం తగ్గిస్తారు. ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఏమనుకున్నారు, ఒంట్లో ఏమైంది అని అడుగుతూ, మధ్యమధ్య ఇప్పుడు ఈ గదిలో ఏమనిపిస్తోంది అని వర్తమానానికి తీసుకొస్తారు. ఘట్టం మధ్యలో ఆపరు. ప్రమాదం దాటిన క్షణం వరకు తీసుకువెళ్లాకే ఆ పూట ముగిస్తారు. రెండు విడతల మధ్య దాన్ని రాసి, మరుసటిసారి గట్టిగా చదివి వినిపిస్తారు, చెప్పినవారు సరిదిద్దుతారు. చివరకు మొత్తం కథ సంతకాలతో చెప్పినవారి చేతికే వస్తుంది.

ఇది పెద్ద చదువులు చదివినవారికే సాధ్యమా అంటే కాదు. ఉగాండాలోని నకివాలే శిబిరంలో రువాండా, సోమాలియా శరణార్థుల మీద జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. అక్కడ శరణార్థుల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చి వారి చేతే చేయించారు. తొమ్మిది నెలల తర్వాత చూస్తే చికిత్స పొందినవారిలో సుమారు 70 శాతం మందికి, ఘోరాలు చూసినవారికి వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మత లక్షణాలు నిర్ధారణ స్థాయికి దిగువన ఉన్నాయి. చికిత్స లేకుండా గమనించిన వారిలో అది 37 శాతం. విశేషం ఏమిటంటే, మరో రకం కౌన్సెలింగు పొందిన మూడో గుంపులోనూ 65 శాతం మంది కోలుకున్నారు. పద్ధతి పేరు కన్నా శిక్షణ, ఓపిక, మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునే మనిషి ఉండటం ముఖ్యమని నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

శిక్షణ లేని మీరు ఎంతవరకు వెళ్లవచ్చు? తాడు పరచవచ్చు, పువ్వుల గురించి ఎంతైనా అడగవచ్చు. రాళ్ల గురించి వాళ్లు చెప్పినంత వినండి, రాయిని మీరు ఎత్తి చూడకండి.

ఐదో అడుగు: నోరు అదుపులో పెట్టుకోండి

"అప్పుడు మీకెలా అనిపించింది?" అనే ప్రశ్న టీవీల పుణ్యమా అని మనకు పట్టుకుంది. దానికన్నా "తర్వాత ఏమైంది?" మంచి ప్రశ్న. "ఆ రోజు మీ పక్కన ఎవరున్నారు?" ఇంకా మంచిది, ఒంటరితనం లోంచి మనిషిని కాస్త బయటకు లాగుతుంది. "మీ బాధ నాకు అర్థమైంది" అనకండి, కాలేదు. "మీరైనా బతికారు, అదృష్టం" అస్సలు అనకండి. నేనెందుకు బతికాను అన్న ప్రశ్న రాత్రంతా నిద్ర పోనివ్వని మనిషికి ఆ మాట దెబ్బలా తగులుతుంది. కర్మ, దేవుడి రాత లాంటివి వాళ్ల నోట వస్తే తలూపండి, మీ నోట రానివ్వకండి.

తేదీలు, అంకెలు పొసగకపోయినా పోలీసులా నిలదీయకండి. 1944 అక్టోబరులో నాజీల మరణ శిబిరమైన ఆష్‌విట్స్‌లో ఖైదీల తిరుగుబాటు జరిగింది. ఆ రోజు నాలుగు పొగగొట్టాలు మంటల్లో కూలాయని ఒక మహిళ ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పింది. కూలింది ఒక్కటే కదా, ఈ సాక్ష్యం చెల్లదని చరిత్రకారులన్నారు. ఆ సాక్ష్యాన్ని నమోదు చేసిన మనోవైద్యుడు డోరి లావుబ్ బాల్యంలో తానూ ఆ యుద్ధకాలపు నిర్బంధ శిబిరం చూసినవాడే. ఆమె చెబుతున్నది పొగగొట్టాల లెక్క కాదని, అక్కడ ఎదురు తిరగడమనేది ఊహకే అందని విషయమని, అది జరగడం తాను కళ్లారా చూశానంటోందని ఆయన వాదించాడు. నేను ఆయన పక్షమే, కానీ ఒక షరతుతో. మీరు కోర్టు కోసం రాస్తుంటే అంకెలు ముఖ్యమే. అందుకే రెండో అడుగు అంతసేపు చెప్పాను.

మాట మధ్యలో చూపు నిలిచిపోయినా, ఊపిరి వేగం పెరిగినా, మీరు పిలిచినా పలకకపోయినా కథ ఆపండి. పేరు పెట్టి పిలవండి. ఈ రోజు ఏ వారమో, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పండి. పాదాలు నేలకు గట్టిగా ఆనించమనండి, చల్లని నీళ్లు చేతికివ్వండి, లేచి నాలుగు అడుగులు వేయించండి. అడగకుండా ముట్టుకోకండి.

నోరు పెగలనివారి కోసం

కథకు మాటలే అక్కర్లేదు. బోస్నియా రాజధాని సారయెవోలో 2017 జనవరిలో తెరిచిన యుద్ధకాల బాల్యపు మ్యూజియంలో ఆటబొమ్మలు, బట్టలు, డైరీల లాంటి చిన్న చిన్న వస్తువులున్నాయి. వాటి పక్కన, యుద్ధంలో పెరిగినవారి సొంత మాటల్లో ఆ వస్తువు కథ ఉంటుంది. మీరూ ఇలాగే మొదలుపెట్టవచ్చు. యుద్ధం గురించి చెప్పమనకుండా, అక్కడి నుంచి తెచ్చుకున్న వస్తువు ఏదైనా ఉంటే చూపించమనండి.

కొలంబియాలోని మంపుహాన్ అనే పల్లెను 2000 మార్చిలో సాయుధ ముఠాలు ఖాళీ చేయించాయి. ఆ ఊరి మహిళలు ఒకచోట కూర్చుని గుడ్డ ముక్కలు కుట్టి తాము ఊరు వదిలిన రోజును బొమ్మ కట్టారు. తర్వాత అక్కడితో ఆగక, బానిసలుగా వచ్చిన తమ పూర్వీకుల కథ కూడా కుట్టారు. 2015లో వారికి ఆ దేశపు జాతీయ శాంతి బహుమతి వచ్చింది. చేతులు పనిలో ఉన్నప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడనక్కర్లేదు. మాట దానంతటదే వస్తుంది, రాకపోయినా ఇబ్బంది ఉండదు. పిల్లలకైతే బొమ్మలు గీయడం, ఆట చాలు. ప్రశ్నలు వద్దు.

ఒంటరిగా రాసుకోవాలనుకునేవారికి

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో పరీక్షించిన పద్ధతి సులువైనది. వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచివేసిన సంఘటన గురించి అక్షరదోషాలు చూసుకోకుండా రాయడం. ఎవరికీ చూపించనక్కర్లేదు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే. దీనివల్ల కలిగే మేలు కొద్దిపాటిదే, పైగా ఆ పరీక్షలు యుద్ధ బాధితుల మీద కాదు, కాలేజీ విద్యార్థుల మీద మొదలయ్యాయి. పీడకలలు ఇంకా తీవ్రంగా ఉన్నవారు ఒంటరిగా దీనికి దిగకపోవడం మంచిది. రాస్తుంటే ఊపిరి ఆడకపోతే కాగితం మూసేసి ఎవరికైనా ఫోను చేయండి.

కథ నలుగురిలోకి వెళ్లేటప్పుడు

వేదికలంటే నాకు అనుమానం ఎక్కువ. విరాళాల సభలో బాధితురాలిని నిలబెట్టి, చప్పట్లు కొట్టి, భోజనాలకు వెళ్లిపోయే తంతు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. సదుద్దేశంతో జరిపినవి కూడా మనిషి మీద బరువు వేస్తాయి. సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం తర్వాత ఊళ్లలో నెగడు చుట్టూ బాధితులు, నేరం చేసినవారు ఎదురెదురుగా మాట్లాడుకునే కార్యక్రమాలు జరిగాయి. ఆ ఊళ్ల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. క్షమించడం, ఒకరికొకరు సాయపడటం పెరిగాయి. అదే సమయంలో జనంలో కుంగుబాటు, ఆందోళన కూడా పెరిగాయి. రువాండాలో నరమేధం తర్వాత నడిచిన గచాచా అనే ఊరి కోర్టుల్లో సాక్ష్యం చెప్పినవారిలోనూ కుంగుబాటు ఎక్కువని 2010 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. ఊరికి మేలు జరిగింది, ఖర్చు మాత్రం చెప్పినవారి ఖాతాలో పడింది. అలాంటి సభ పెట్టేవారు ఆ తర్వాతి నెలల్లో వారిని చూసుకునే ఏర్పాటు కూడా ముందే చేసుకోవాలి. లేకపోతే సభ మానుకోవాలి.

తొందర అక్కర్లేదు. హిరోషిమా, నాగసాకి బాధితుల్లో చాలామంది దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. వారు వృద్ధులవుతున్నారని గమనించి హిరోషిమా నగరం 2012లో మరో ఏర్పాటు మొదలుపెట్టింది. బాధితుల దగ్గర కూర్చుని వారి అనుభవాన్ని నేర్చుకుని, వారి తరఫున చెప్పేవారికి శిక్షణ ఇస్తోంది. చెప్పినవారు ప్రతిసారీ తామే ఆ రోజులోకి వెళ్లనక్కర్లేకుండా కథ నిలుస్తుంది.

బయట పెట్టేముందు సమ్మతిని విడివిడిగా అడగండి: గొంతుకు ఒకటి, ముఖానికి ఒకటి, పేరుకు ఒకటి, ఊరి పేరుకు ఒకటి. సొంత ఊళ్లో ఇంకా బంధువులున్నారేమో కనుక్కోండి. ఒక ఫొటోలో వెనక కనబడే మసీదో వంతెనో చాలు వారిని గుర్తుపట్టడానికి. సంతకం చేసిన రోజే కాక, వారం తర్వాత మళ్లీ అడగండి. ఆ వారంలో మనసు మార్చుకునేవారు ఉంటారు. ఒక ప్రతి వారికిచ్చి, తొలగించాలనిపిస్తే ఏ నంబరుకు చెప్పాలో దాని మీదే రాయండి. ఇంటర్నెట్‌లోకి వెళ్లినదాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవడం కుదరదని కూడా ఆ రోజే చెప్పండి.

విన్న మీకూ నిద్ర చెడవచ్చు. రోజుకు ఒకరికి మించి వినకండి, మీరు విన్నదాని బరువు పంచుకోవడానికి అనుభవం ఉన్న మనిషిని ఒకరిని చూసుకోండి, పేర్లు చెప్పకుండా మాట్లాడండి. ఇక రానని మీరు నిర్ణయించుకుంటే ఆ మాట వాళ్లకు రెండు విడతలు ముందుగానే తెలియజేయండి. చెప్పకుండా మాయమైన మనుషులను వాళ్లు ఇప్పటికే చాలామందిని చూసి ఉంటారు.